క్రేనమ్మను ఆపిన మొగుడు

ఆ వీధిలో సలహాలయ్య వేలు పెట్టని వ్యవహారం లేదు. ఇంట్లో మాత్రం ఆయన మాట పట్టించుకునే నాథుడు లేడు. భార్య ఆకాశమంత ఎత్తున కూర్చుని క్రేన్ నడుపుతుంది, పనివాళ్ళంతా క్రేనమ్మ అంటారు. కూతురు పిడుగు కూడా "అమ్మలా నేనూ క్రేనెక్కుతా" అని పట్టుపట్టింది. ఒక్కగానొక్క బిడ్డ అంత ఎత్తుకెక్కుతుందన్న ఊహకే సలహాలయ్య హడలిపోయాడు.

ముల్లును ముల్లుతోనే తీయాలనుకున్నాడు. అమ్మలు చేసే పనిని పిల్లలకు చూపించే రోజు రాగానే "పిడుగును నేను తీసుకొస్తా" అన్నాడు భార్యతో.

"మీరా? బల్లెక్కి బల్బు మార్చమంటేనే కళ్ళు తిరుగుతాయే!"

"నేను కిందే ఉంటానులేవే."

ఎండ, దుమ్ము, మోత చూస్తే పిల్ల దడుచుకుంటుందని ఆయన లెక్క.

భవనం కడుతున్న చోట తండ్రీకూతుళ్ళు హెల్మెట్లు పెట్టుకుని, హద్దుగా కట్టిన తాడుకు ఇవతల నిలబడ్డారు. పసుపు కోటు వేసుకున్న అక్క పైనున్న క్రేనమ్మకు సైగ చేసింది. మొదటి అంతస్తుకు వెళ్ళాల్సిన సిమెంటు మెట్లు, వరుసంతా ఒకే ముక్కగా, నేల విడిచి లేచాయి. పిడుగు నోరు తెరిచింది. సలహాలయ్యా తెరిచాడు. అంతలో వచ్చిన పని గుర్తొచ్చింది.

"చూశావా ఎంత ప్రమాదమో! వద్దు తల్లీ, వద్దు!" అంటూ రెండు చేతులూ బార్లా చాపి ఊపాడు.

అంతే, మెట్లు గాలిలో ఆగిపోయాయి. అందరూ ఆయన వైపే తిరిగారు.

పసుపు కోటు అక్క పరుగున వచ్చింది. "ఎత్తమనీ దించమనీ నేనే చెప్పాలి. ఆపమని మాత్రం ఎవరు చేతులూపినా క్రేన్ ఆగాల్సిందే. ఏం చూశారండీ?"

ఆమె వాకీటాకీలో క్రేనమ్మ గొంతు పలికింది. "ఎవరాపారు?"

"మీవారే."

"ఏం కనబడిందో అడుగు. ఆయన చెప్పేదాకా కదపను."

పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ తన మాట కోసం ఆగింది. తీరా చూస్తే ఆయనకు కనబడిన ప్రమాదమేదీ లేదు.

"ఏమీ లేదు... భయమేసింది," అని గొణిగాడు సలహాలయ్య.

"సరే. భయమేస్తే ఆపాల్సిందే," అంది క్రేనమ్మ. గొంతులో వెటకారం లేదు.

అక్క వేళ్ళు కదిలాయి. అంత బరువూ ఊగకుండా, తొణక్కుండా వెళ్ళి, నిద్రపోయిన పసిబిడ్డను పక్కమీద పడుకోబెట్టినట్టు తన చోట ఒదిగింది. సలహాలయ్య ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంత గొప్ప మనిషికా తాను ఇన్నాళ్ళూ కూరలు తరగడం ఎలాగో సలహాలిచ్చింది!

క్రేనమ్మ దిగి రాగానే పిడుగు తేల్చేసింది. "అమ్మా, నేను క్రేనెక్కను."

సలహాలయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"ఈ అక్కలా కింద నిలబడి సైగలు చేస్తా. అప్పుడు నువ్వైనా నా మాట వినాల్సిందే!"

క్రేనమ్మ పకపకా నవ్వింది. సలహాలయ్య మెల్లగా పసుపు కోటు అక్క పక్కకు చేరాడు.

"ఆ సైగలు... నా వయసు వాళ్ళకు కూడా నేర్పుతారామ్మా?"