పాల డబ్బాతో పరుగుపందెం

కుట్టుమిషన్ల మెకానిక్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. హోటల్ ఎదురుగా ఉన్న కొట్లో పాల డబ్బా కొనాలి, శ్రీమతికి కాఫీ కలిపివ్వాలి, మధ్యాహ్నం విమానం ఎక్కాలి. మిషన్ల ప్రదర్శన చూడటానికి పరాయి దేశం వచ్చిన ఆ దంపతులకు తెల్లారుతూనే ఇంటినుంచి ఫోనొచ్చింది, అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చామని. తొలి కాన్పు. ఈ విమానం తప్పితే మళ్ళీ వారం దాకా లేదు.

"పొడిపాల కాఫీ నా గొంతు దిగదండీ. చప్పున వచ్చెయ్యండి," అందావిడ.

ఆయన చప్పునే వెళ్ళాడు. పాలు కొని బయటికి వచ్చేసరికి రోడ్డుకు రెండు వైపులా ఇనుప కంచెలు, మధ్యలో పరిగెడుతున్న జనం. ఊరంతటికీ పరుగుపందెం. కంచెలో సందు చూసుకుని దూరాడు గానీ, అవతలి వైపు సందు లేదు. ఫోను గదిలోనే ఉండిపోయింది. పాస్‌పోర్టులు రెండూ, టిక్కెట్లూ మాత్రం బనీను జేబులో భద్రంగా ఉన్నాయి. పరాయి ఊళ్ళో వాటిని ఆయన నిద్రలో కూడా వదలడు.

"నేను పందెంలో లేను బాబూ! పాలకోసం వచ్చాను!" అని డబ్బా ఎత్తి చూపించాడు. ఆ భాష ఎవరికీ రాదు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు.

అంతలో వెనకనుంచి ఒక వ్యాను, నెత్తిమీద దీపం తిప్పుకుంటూ నెమ్మదిగా వచ్చింది. డ్రైవరు చెయ్యి ఊపి రమ్మన్నాడు. దొంగతనంగా పందెంలో దూరినందుకు పోలీసులు పట్టుకుపోతారనుకున్నాడు మెకానిక్. కాలికి బుద్ధి చెప్పాడు.

ఆయన ఎంత పరిగెడితే వ్యాను అంత వెంటపడింది. కిటికీల్లోంచి ముసలమ్మలు గరిటెలతో పళ్ళేలు వాయించారు. ఎవరో అరటిపండు ఒలిచి నోట్లో పెట్టారు. ఆ ఊళ్ళో గెలిచినవాణ్ణి చూసి ఎవరూ ఇంటికి పోరు. ఆఖరివాడు గీత దాటేదాకా నిలబడతారు. ఆ ఆఖరివాడు తానేనని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. వ్యానుకు కనబడకుండా ఒక డేరాలో దూరితే, అక్కడివాళ్ళు బల్లమీద పడుకోబెట్టి, పిక్కలకు తైలం రాసి, లేపి మళ్ళీ రోడ్డుమీదికి తోశారు. తన పెళ్ళిలో కూడా తనకింత మర్యాద జరగలేదని ఆయన కళ్ళు చెమర్చాయి.

గీత దాటేసరికి ఎదురుగా శ్రీమతి. చేతిలో చక్రాల పెట్టె, మెడలో పతకం.

"కిటికీలోంచి మీరు పరిగెడుతుంటే చూశానండీ. పాస్‌పోర్టులు మీ దగ్గరేనాయె, పెట్టె లాక్కుంటూ వెనకే వచ్చా. ఎక్కడా కనబడరే! ఆగుదామంటే వీళ్ళు ఆగనిస్తేగా? చివరికి ఇది మెళ్ళో వేశారు."

"నేను డేరాలో... అయ్యో, వచ్చేసిందే! పోలీసు బండి!"

వ్యాను వచ్చి పక్కనే ఆగింది. డ్రైవరు దిగి తలుపు తీశాడు. లోపల, సోలిపోయిన పరుగువాళ్ళు దుప్పట్లు కప్పుకుని బిస్కెట్లు నములుతున్నారు. ఇక పరిగెత్తలేనివాళ్ళను ఎక్కించుకునే బండి అది.

"దీన్ని చూసా పారిపోయారు?" అందావిడ.

ఆయన డ్రైవరు ముందు టిక్కెట్లు తీసి, రెండు చేతులూ రెక్కల్లా చాచి చూపించాడు. టాక్సీలన్నీ ఆగిపోయిన ఆ ఊళ్ళో కదలగలిగేది ఆ బండి ఒక్కటే. డ్రైవరు గడియారం చూశాడు, పెట్టె అందుకున్నాడు. లోపలివాళ్ళు జరిగి చోటిచ్చారు. విమానాశ్రయం ముందు దింపుతుంటే మెకానిక్ అతని చేతులు పట్టుకుని వదల్లేదు.

"నీ కడుపు చల్లగా ఉండాలి నాయనా," అందావిడ. భాష రాకపోయినా అతను తల వంచి అందుకున్నాడు.

విమానం అందింది. తనిఖీ దగ్గర పతకాన్ని వెళ్ళనిచ్చారు. పాలు మాత్రం పారబొయ్యమన్నారు.