కాంటా కన్నా ముందు తత్వం

"ఇగ నుంచి మన కొనుగోలు కేంద్రంల కాంటా కన్నా ముందు తత్వశాస్త్రం నడుస్తది!" అని మా సొసైటీ చైర్మన్ నాగేందర్ సార్ మైకుల ప్రకటించిండు. కోదాడల ఏసీ హాల్ల రెండ్రోజుల ట్రైనింగ్ తీసుకొని వచ్చిండు మరి. ఇదివరకు సార్‌కు ఆలోచనలే వస్తుండె, ఇప్పుడు ఆలోచించే పద్ధతులు గూడ వచ్చినయ్. నేను వడ్ల తేమ సూసే మిషన్ పట్టుకునేటోణ్ణి. గిసొంటి మేధావి కింద పనిచేసుడు నా అదృష్టం.

మొదటి నంబర్ సాలమ్మది. పన్నెండు రోజుల సంది వడ్ల కుప్ప కాడనే పండుకుంటున్నది. పడమట మబ్బు కమ్మింది. మిషన్ పెట్టిన. పదహారు. పదిహేడు దాకా కొనొచ్చు.

"సార్, ఓకే."

"ఆగు! ఫస్ట్ మెథడ్, సందేహం. మిషన్ నిజమే చెప్తదని నమ్మకమేంది?"

"చెయ్యి పెట్టి సూడు సారూ, గలగలమంటున్నయ్" అన్నది సాలమ్మ.

"చెయ్యి గూడ మోసం చేస్తదమ్మా."

అబ్బ, ఎంత లోతు! నా చెయ్యి దిక్కు నేనే అనుమానంగ సూసుకున్న.

"సెకండ్ మెథడ్, ప్రశ్న. అసలు ఎండుడు అంటే ఏంది?"

"కొరికితే టక్కుమనాలె." కొరికింది. టక్కుమన్నది.

"అది నీ ఒక్కదాని అనుభవం. అందరిది కాదు."

ఉరిమింది. సాలమ్మ సార్ కాళ్ల మీద పడ్డది. "నీ బాంచెన్ సారూ, వానొస్తే మొలకలొస్తయ్. ఆర్నెల్ల కష్టం మట్టిపాలైతది."

"లే అమ్మా. థర్డ్ మెథడ్, ఊహ. నీ వడ్లు కొన్నమనుకో."

"కొన్నరా?"

"అనుకో."

"అనుకున్న."

"ఎట్లుంది?"

"జర నిమ్మళమైంది సారూ."

"రాసుకో" అన్నడు సార్ నాతోని. "రైతు సంతృప్తి నూటికి నూరు."

రాసుకున్న. ఫొటో గూడ దిగినం.

అంతల్నే సార్ తమ్ముడు సతీష్ వడ్ల ట్రాక్టర్ వచ్చి ఆగింది. మిషన్ పెట్టిన. ఇరవై రెండు. చినుకులు మొదలైనయ్. సాలమ్మ కొంగు పరిచి కుప్ప మీద కప్పుతున్నది, ఒక దిక్కు కప్పితే ఇంకో దిక్కు తడుస్తున్నది. నేను నోట్‌బుక్కు తెరిచి వినయంగ అడిగిన.

"సార్, దీనికి ఏ మెథడ్?"

సార్ నా మీదికి ఉరికొచ్చిండు.

"దిమాగ్ ఉందారా నీకు? వానొస్తుంటే మెథడ్ ఏందిరా! టార్పాలిన్ పట్టాలన్నీ దీని మీద కప్పి జల్ది కాంటా పెట్టు!"