హార్లన్ స్టేట్‌కు మొదటి ర్యాంకు

సోమవారం ఉదయం జితేందర్ వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్ళడం, డైరెక్టర్ బ్రాడ్ హాలెన్ కాఫీ తాగే చోట ఎదురుపడటం, "నా గ్రీన్‌కార్డ్ రిక్వెస్ట్ మీ దగ్గర ఆగి ఉంది, కాస్త అప్రూవ్ చేస్తారా" అని అడగడం. బ్రాడ్ ఒక్క బటన్ నొక్కితే చాలు. గడువు శుక్రవారం సాయంత్రం. అది దాటితే కంపెనీ మళ్ళీ ఆరు నెలలకు గానీ ఈ దరఖాస్తులు ముట్టుకోదు. జితేందర్ హెచ్‌వన్ వీసాకు మిగిలింది పదమూడు నెలలు. ఏడాది మిగిలి ఉండగానే కాగితాలు కదలకపోతే టెక్సస్‌లోని కాపెల్‌లో ఇల్లు, కారు, నాలుగో తరగతి చదివే కూతురు కృతి బడి, అన్నీ వదిలేసి విమానం ఎక్కాలి. ఈ లెక్క జితేందర్‌ను నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.

"సూటిగా అడిగెయ్," అంది భార్య త్రివేణి, లంచ్ బాక్స్ చేతికిస్తూ. "వెదరూ, వాళ్ళ కుక్కా అంటూ మొదలుపెట్టకు."

"గట్ల డైరెక్ట్‌గ అడిగితే ఏం బాగుంటది త్రివేణీ? జర మూడ్ చూసి, మంచిగ మాట్లాడి అడగాలె."

పైవాడిని ఏదైనా అడగాలంటే ముందు అతన్ని సంతోషపెట్టాలన్నది మనవాళ్ళ నమ్మకం. ఈ నమ్మకానికి వీసా అక్కర్లేదు, మనిషితోపాటే దేశం దాటుతుంది.

ఆ ఉదయం బ్రాడ్ మూడ్ బాగానే ఉంది. అది మార్చి నెల, కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ మొదలయ్యే వారం. బ్రాడ్ చదివిన హార్లన్ స్టేట్‌కు ఎలాగో అరవై ఎనిమిది జట్లలో చోటు దొరికింది. "అయినా మాది ఎలీట్ ప్రోగ్రామ్ కాదంటారు!" అని కాఫీ మెషీన్ దగ్గర ఎవరితోనో పోట్లాడుతున్నవాడు జితేందర్‌ను చూసి ఆగాడు. "జితేందర్, నువ్వు డేటా మనిషివి. నువ్వు చెప్పు. ఒక కాలేజీ టీమ్‌ను ఎలీట్ అనాలంటే ఏం ఉండాలి?"

జితేందర్‌కు క్రికెట్ తెలుసు. బాస్కెట్‌బాల్‌లో జట్టుకు ఎంతమందో కూడా తెలీదు. అయినా నోరు తనంతట తానే తెరుచుకుంది. "రేపు మార్నింగ్‌కల్లా అనాలిసిస్ పంపుతాను," అన్నాడు. బ్రాడ్ భుజం తట్టి వెళ్ళిపోయాడు. గ్రీన్‌కార్డ్ మాట గొంతులోనే ఉండిపోయింది.

సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, ముందు కూతురిని అడిగాడు. బడిలో ఆ ఆట ఆడేది ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే.

"ఎలీట్ అంటే ఒక ఇయర్ విన్ అవడం కాదు డాడీ," అంది కృతి. "గుడ్ ప్లేయర్స్ వెళ్ళిపోతారు కదా? కోచ్ కూడా వెళ్ళిపోతాడు. అయినా మళ్ళీ మళ్ళీ విన్ అవ్వాలి. అప్పుడు ఎలీట్."

టీవీలో గంటలు గంటలు వాదించేవాళ్ళు కూడా ఇంతకంటే పెద్దగా ఏమీ చెప్పరు. కానీ జితేందర్‌కు అది మరీ చిన్న జవాబనిపించింది. ఎక్సెల్‌లో ఒక్క కాలమ్ కూడా నిండదు. కాలేజీలను తూచడం అతనికి తెలిసింది ఒకే ఒక పద్ధతిలో, పదిహేడేళ్ళప్పుడు ఎంసెట్ కౌన్సెలింగ్‌కు ముందు తూచిన పద్ధతిలో. కాబట్టి కాలమ్‌లు అవే పెట్టాడు. స్థాపించిన సంవత్సరం. ఫలితాలు, అంటే ఎన్ని టైటిళ్ళు. ఇన్‌టేక్, అంటే ఏటా ఎంత పేరున్న కుర్రాళ్ళు చేరుతున్నారు. ఫ్యాకల్టీ, అంటే కోచ్ ఎన్నేళ్ళుగా ఉన్నాడు. ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, అంటే స్టేడియం. ప్లేస్‌మెంట్స్, అంటే ఎంతమంది పెద్ద లీగుకు వెళ్ళారు. చివర్న, అలవాటు కొద్దీ, సగటు ప్యాకేజీ. బాస్కెట్‌బాల్ అన్న మాట ఎక్కడా రాయలేదు. బ్రాడ్‌కు తెలిసిన సంగతే కదా అనుకున్నాడు.

లెక్క తేలింది. హార్లన్ స్టేట్‌కు నలభై నాలుగో ర్యాంకు.

"అయ్యో, ఇది పంపితే నీ ఫైల్ చెత్తబుట్టలోకే," అంది త్రివేణి భుజం మీదుగా చూసి.

జితేందర్ కాసేపు ఆలోచించి ఇంకో కాలమ్ చేర్చాడు. అభిమానుల ఓపిక. ఎన్నేళ్ళు ఓడిపోయినా స్టేడియం నిండుతోందా లేదా అన్నది. దానికి డెబ్భై శాతం వెయిటేజీ ఇచ్చాడు. ఈ దేశంలో హార్లన్ అభిమానులంత ఓపిక ఎవరికీ లేదు. కాలేజీ రివ్వున మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది. హార్లన్ నుంచి పెద్ద లీగుకు వెళ్ళినవాడు ఒక్కడే, అతని జీతం ఏడాదికి నాలుగు మిలియన్లు. ఒక్కడైనా సగటు సగటే. ఫైల్‌కు "టాప్ ఫిఫ్టీ, ఫైనల్" అని పేరు పెట్టాడు.

"ఎవరికైనా ఒకసారి చూపిద్దాం, తప్పులుంటే పరువు పోతుంది," అని త్రివేణి దాన్ని జ్ఞానప్రసూన గారికి వాట్సాప్ చేసింది. ఆవిడ భర్త విశ్వనాథం గారు కాపెల్‌లో కాలేజీ అడ్మిషన్లకు పెద్ద దిక్కు. పదకొండో తరగతి పిల్లలున్న ఏ తల్లిదండ్రులైనా ఒకసారి ఆయన సోఫాలో కూర్చోవాల్సిందే. స్టవ్ మీద దోసె మాడుతోంది కాబట్టి త్రివేణి "ఒకసారి చూడండి" అని మాత్రం రాసింది.

మంగళవారం ఫైల్ అందగానే బ్రాడ్ జితేందర్ సీటు దగ్గరికే వచ్చాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇరవై ఏళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే. మొదటిసారి ఒకడు లెక్కలతో నిరూపించాడు," అన్నాడు. "నా రిక్వెస్ట్..." అని జితేందర్ మొదలుపెట్టేలోగా గట్టిగా కౌగిలించుకుని, ఆ ఫైల్‌ను తన కాలేజీ వాళ్ళకు పంపడానికి పరుగెత్తాడు.

అదే సమయంలో విశ్వనాథం గారు కాపెల్ పేరెంట్స్ గ్రూపులో ఆ ఫైల్‌ను పెట్టి, కింద ఇలా రాశారు: "అందరూ ఐవీ లీగ్ అంటూ పరిగెడుతున్నారు. హార్లన్ స్టేట్ చూడండి. ఒకే ఫ్యాకల్టీ ఇరవై రెండేళ్ళు నిలిచాడంటే మేనేజ్‌మెంట్ ఎంత మంచిదో తెలుస్తోంది. సగటు ప్యాకేజీ నాలుగు మిలియన్లు."

గ్రూపు గంటసేపు ఊపిరి తీసుకోలేదు. బుధవారం పొద్దున్నే విశ్వనాథం గారు ఫోన్ చేశారు. "ఏమయ్యా జితేందర్, ఇంత మంచి లిస్ట్ చేసి దాచుకున్నావా? మా సంహితను కంప్యూటర్స్‌లో వేద్దామనుకుంటున్నాం. ఆ కాలేజీకి గడ్డి పెంపకంలో పెద్ద పేరుందట కదా, అందులోనూ స్కోప్ ఉందంటావా?"

జితేందర్ ముచ్చెమటలు తుడుచుకున్నాడు. "అంకుల్, అది చదువుల లిస్ట్ కాదు. బాస్కెట్‌బాల్ లిస్ట్!"

"సరే, చెప్పడం ఇష్టం లేకపోతే లేదను," అని ఆయన ఫోన్ పెట్టేశారు.

జితేందర్ గ్రూపులో కూడా అదే మాట పెట్టాడు. దాంతో ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది. "కూతురు నాలుగో తరగతేగా, ఇప్పట్నుంచే కాంపిటీషన్ తగ్గిస్తున్నాడు చూశారా!" అని ఒకావిడ రాసింది. దాని కింద ముప్పై ఎనిమిది బొటనవేళ్ళు పడ్డాయి. మధ్యాహ్నానికి యాభై మూడు కుటుంబాలు హార్లన్ స్టేట్‌కు ఫోన్ చేశాయి. సాయంత్రానికి క్యాంపస్ చూడటానికి రెండు బస్సులు బుక్ అయ్యాయి.

గడ్డి మధ్య ప్రశాంతంగా ఉన్న ఆ కాలేజీకి టెక్సస్ నుంచి ఫోన్ రావడమే అరుదు. ఒక్కరోజులో యాభై మూడు వచ్చేసరికి వాళ్ళు బెదిరిపోయారు. ఎవరిని అడిగినా ఒక లిస్ట్ చూశామనే చెప్పారు. ఆ లిస్ట్ తమ దగ్గరా ఉంది, బ్రాడ్ హాలెన్ పంపింది. ఇంకేం, ఇదంతా బ్రాడ్ మహిమే అనుకున్నారు. గురువారం ఉదయం కాలేజీ ప్రెసిడెంట్ స్వయంగా ఫోన్ చేసి, అడ్మిషన్ల విభాగానికి అధిపతిగా రమ్మన్నాడు. బ్రాడ్ జీవితంలో ఇంకేం కోరుకుంటాడు? పదకొండింటికి రాజీనామా ఇచ్చాడు, రెండింటికి కేక్ కోశాడు.

"అంతా నీ చలవే," అని మొదటి ముక్క జితేందర్‌కే పెట్టాడు.

"బ్రాడ్, నా గ్రీన్‌కార్డ్ అప్రూవల్..." కేక్ నోట్లో ఉండగానే అడిగాడు జితేందర్. మనసులో ఉన్న మాట నాలుగు రోజులకు బయటపడింది.

"అరెరే! నా లాగిన్ అరగంట క్రితమే తీసేశారే. ఇక నా చోట మార్గరెట్ చూస్తుంది."

మార్గరెట్ అంటే ఆఫీసులో అందరికీ దడ. మూడు డాక్యుమెంట్లు అడగకుండా ఆవిడ దేనికీ ఓకే చెప్పదని పేరు. పైగా ఆవిడదీ హార్లన్ స్టేటే. ఆ రాత్రి ఇంట్లో త్రివేణి ఏమీ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కృతికి ఏం చెప్తాం?" అని మాత్రం అడిగింది. జితేందర్‌కు భయం వేసింది. తన మీద తనకే అసహ్యం కూడా వేసింది.

శుక్రవారం ఉదయం మార్గరెట్ అతని రిక్వెస్ట్ తెరిచి, అడగనే అడిగింది. "హార్లన్‌కు మొదటి ర్యాంకు ఇచ్చిన ఫైల్ ఒకటి నా దాకా వచ్చింది. నేను అక్కడ నాలుగేళ్ళు చదివాను. ఆ టీమ్ ఎంత చెత్తగా ఆడుతుందో నాకు తెలుసు. అది ఎవరు తయారుచేశారు?"

ఆవిడ వేలు మౌస్ మీద ఉంది. బాగా పొగడటానికి సరిపడా మాటలు జితేందర్ కారులోనే సిద్ధం చేసుకున్నాడు. కానీ అవి పైకి రాలేదు. వారమంతా ఆడిన నాటకానికి ఒళ్ళు అలిసిపోయింది.

"నేనే మేడమ్. నాకు బాస్కెట్‌బాల్ తెలీదు. లెక్క ప్రకారం మీ కాలేజీది నలభై నాలుగో ర్యాంకు. బ్రాడ్ ఈ బటన్ నొక్కాలని మొదటి ర్యాంకు చేశాను."

మార్గరెట్ అతన్ని ఎగాదిగా చూసింది. "నలభై నాలుగా? అదీ ఎక్కువే," అంది. బటన్ నొక్కింది. ఒక్క డాక్యుమెంట్ కూడా అడగలేదు. జితేందర్ బయటికొచ్చి, గోడకు ఆనుకుని, త్రివేణికి ఫోన్ చేశాడు. "అయింది" అన్న ఒక్క మాట చెప్పేలోగా ఇద్దరికీ ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం హార్లన్ స్టేట్ మొదటి మ్యాచ్‌లోనే ముప్పై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయింది; కాపెల్‌లో యాభై మూడు కుటుంబాలకు ఆ సంగతి తెలీదు, అవి అప్లికేషన్లు నింపే పనిలో ఉన్నాయి.