సరస్సు ఒడ్డున మూడు రోజులు

ఆ శనివారం పొద్దున లెస్యా, ఓరెస్ట్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని హనీమూన్ ఖర్చు తగ్గించే పని పెట్టుకున్నారు. తగ్గించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. విమానం ముందే పోయింది, దాని వెనకాలే హోటలూ పోయింది. కారులో సరిహద్దు దాటి అమెరికా వైపు మిన్నెసోటాలో ఒక సరస్సు దగ్గరికి వెళ్ళాలి. లెస్యా తల్లి స్నేహితురాలు అడెలైన్‌కి అక్కడ ఒక చెక్క ఇల్లుంది. మూడు రోజులు అందులో ఉచితంగా ఉండాలి. తినేదంతా ఇక్కణ్ణుంచే పట్టుకుపోవాలి.

"కాఫీ పొడి కూడానా?" అన్నాడు ఓరెస్ట్.

"వాళ్ళ డాలరూ మన డాలరూ ఒకటా? ఉప్పు కూడా ఇక్కణ్ణుంచే."

"పరాయి దేశం వెళ్ళి మన ఊరి తిండే తింటామన్నమాట."

"నన్ను చూస్తూ తిను. రుచి మారుతుంది."

పెళ్ళయ్యాక వాళ్ళకు దొరికేది ఆ మూడు రోజులే. నాలుగో రోజు ఓరెస్ట్ ఉత్తరాన గని శిబిరానికి బయల్దేరాలి. వెళితే మళ్ళీ మంచు పడేదాకా రాడు.

ఆ సాయంత్రం ఊరి హాల్లో వాళ్ళ సోషల్. కెనడాలోని ఈ మానిటోబా పల్లెల్లో సోషల్ లేకుండా పెళ్ళి లేదు. ఊరంతా టికెట్టు కొనుక్కుని వస్తుంది, గెంతుతుంది, తింటుంది. వరసగా పెట్టిన బహుమతి బుట్టల్లో తనకు కావలసిన దాని ముందున్న సంచిలో లక్కీ డ్రా చీటీలు వేస్తుంది. అలా వచ్చిన డబ్బుతో పెళ్ళి గడుస్తుంది. బహుమతుల బాధ్యత లెస్యా పిన్ని స్టెఫాది.

అడెలైన్ రాలేక ఎవరిచేతనో ఒక బుట్ట పంపింది. మెరుపు కాగితం చుట్టి, పైన ఎర్ర రిబ్బను కట్టింది. లోపల ఒక వైన్ సీసా, ఒక తాళం చెవి, 'సరస్సు ఒడ్డున మూడు రోజులు' అని తేదీలతో ఒక కార్డు. ఎవరికో రాయలేదు. స్టెఫా దాన్ని చూసి మురిసిపోయి బహుమతుల బల్ల మధ్యలో పెట్టింది. లెస్యా కంటబడేసరికి దాని ముందున్న సంచి సగం నిండింది.

"పిన్నీ, అది మా తాళం."

స్టెఫా రొట్టె కోస్తున్న కత్తి ఆపింది. "మీదని ఎక్కడుంది?"

"రాయక్కర్లేదనుకుంది కాబోలు."

"ఇప్పుడు తీస్తే ఊరేమంటుంది? మంచి బుట్ట పెళ్ళికూతురే నొక్కేసిందంటారు. నీ పెళ్ళి మర్చిపోతారు గానీ, ఈ ముక్క నీ మనవలకు కూడా చెబుతారు."

లెస్యా అప్పుడు మైకు దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెబితే సరిపోయేది. జనం నవ్వి, చీటీలు వెనక్కి తీసుకుని, పక్కనున్న సాసేజ్ బుట్టకు వేసుకునేవాళ్ళు. ఈ సంగతి ఆమెకు తర్వాత చాలాసార్లు తోచింది. అప్పుడు మాత్రం మొహమాటం అడ్డొచ్చింది.

ఉపాయం స్టెఫాయే చెప్పింది. "మన వాళ్ళమే చీటీలు కొని అందులో వేద్దాం. ఎవరో ఒకరికి తగలదూ?"

ఆమె తమ్ముడి చెవిలో వేసింది. అతను బావమరుదులకు చెప్పాడు. పెళ్ళివారంతా గుప్పిళ్ళతో చీటీలు తెచ్చి ఆ ఒక్క సంచిలోనే కుక్కసాగారు. ఊరి జనం గుడ్డివాళ్ళు కాదు.

"పెళ్ళివారే అలా ఎగబడుతున్నారంటే అందులో ఏదో ఉందిరా," అన్నాడు గ్యారేజీ ఆయన. అంతే, హాలంతా అటే మళ్ళింది. విస్కీ బుట్టను పలకరించిన వాడు లేడు. సంచి చాలక బంగాళాదుంపల బస్తా దులిపి తెచ్చి పెట్టారు. పెళ్ళివారు ఒకటి వేస్తే ఊరు పది వేసింది.

నెస్టర్ తాత వేసింది ఒకే చీటీ. అదీ సాసేజ్ బుట్టకు వేద్దామని వచ్చి, తోపులాటలో చేతికందిన బస్తాలో పడేశాడు. డ్రాలో అదే వచ్చింది.

మర్నాడు ఓరెస్ట్ తాళం అడగడానికి బయల్దేరాడు. ఎలా అడగాలో కారులో దారి పొడుగునా వల్లె వేసుకున్నాడు. వెళ్ళేసరికి నెస్టర్ భార్య పరాస్కా అటక మీది సూట్‌కేసు దింపి బూజు తుడుస్తోంది.

"మా పెళ్ళి కోతల్లో అయింది బాబూ," అంది. "ఈయన పెళ్ళికోటు విప్పి ట్రాక్టరెక్కాడు. అప్పట్నుంచి ఒక్క రాత్రి ఊరి బయట పడుకున్నది లేదు. ఆవులు పడుకోనిస్తేగా."

"ఇంతకీ ఎందుకొచ్చావబ్బాయ్?" అన్నాడు నెస్టర్.

ఓరెస్ట్ సూట్‌కేసు కేసి చూశాడు. "మీరు వెళితే ఆవుల్ని ఎవరు చూస్తారో కనుక్కుందామని."

ఇంటికి రాగానే లెస్యా చెయ్యి చాపింది. "తాళమేది?"

"లేదు."

"అడిగావా?"

"అడగబోయాను."

"అడగబోతే?"

"పది ఆవులు మన చేతికొచ్చాయి."

పెళ్ళి బాగానే జరిగింది. ఆ తర్వాత వచ్చిన సోమవారం పొద్దున ఊరంతా వచ్చి ముసలి దంపతుల్ని సాగనంపింది. చర్చి ఆడవాళ్ళు దారికి రొట్టెలు కట్టి ఇచ్చారు. కారు మలుపు తిరిగాక కొత్త దంపతులు రబ్బరు బూట్లు తొడుక్కుని కొట్టంలోకి వెళ్ళారు. మొదటి ఆవు ఓరెస్ట్ కాలు తొక్కింది. రెండోది అతని మీద నమ్మకం లేక పాలు చేపలేదు.

మధ్యాహ్నం గడ్డివాముల వెనక కారు చప్పుడైంది. నెస్టర్ పొలానికి అడ్డంపడి దొంగలా తిరిగొచ్చాడు. పరాస్కా సీట్లో తల వంచుకుని కూర్చుంది.

"ఏమైంది తాతా?"

"సరిహద్దు గేటు దగ్గర వాడు పాస్‌పోర్టు అడిగాడు."

"లేదా?"

"మా రోజుల్లో మనం చెయ్యి ఊపితే వాడూ ఊపేవాడు. నేను ఊపాను. వాడు ఊపలేదు."

ఓరెస్ట్‌కి ప్రాణం లేచొచ్చింది. తమ ఇద్దరికీ పాస్‌పోర్టులున్నాయి. ఇప్పుడు బయల్దేరితే చీకటిపడేలోగా సరస్సు చేరొచ్చు. "అయితే తాతా, ఆ తాళం..." అన్నాడు.

నెస్టర్ వినిపించుకోలేదు. ఓరెస్ట్ చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "ఊరంతా సాగనంపింది అబ్బాయ్. గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చానని తెలిస్తే చచ్చేదాకా 'పాస్‌పోర్టు' అనే పిలుస్తారు. ఈ మూడు రోజులూ మేం తలుపేసుకుని లోపలుంటాం. మీరు బయట కనబడుతుండండి. పాలబండి వాడికి మీ మొహాలే కనబడాలి."

లెస్యా నోరు తెరిచింది. పరాస్కా మంచి టోపీ పెట్టుకుంది. దాన్ని ఇంకా తియ్యలేదు. నేలకేసి చూస్తోంది.

"అలాగే తాతా," అంది లెస్యా.

కిటికీలకు తెరలు వేశారు. పని చెయ్యకుండా కూర్చోవడం ఆ ముసలివాళ్ళకు జన్మలో అదే మొదలు. లోపల వైన్ సీసా తెరిచారు. పేకాడారు. బయట కొత్త దంపతులు పేడ ఎత్తారు. పరాస్కా వెనక తలుపు సందులోంచి ఉడికించిన కుడుముల గిన్నె అందించి, వెంటనే తలుపు మూసేది.

రెండో రోజు సాయంత్రం లోపలి నుంచి ఆమె నవ్వు వినబడింది. చాలాసేపు ఆగకుండా నవ్వింది.

"వాళ్ళ హనీమూన్ బాగా సాగుతోంది," అన్నాడు ఓరెస్ట్.

"మనదీ సాగుతోందిగా, పేడవైపు నుంచి."

నవ్వబోయాడు, రాలేదు. "తాళం అడగడానికే కదా వెళ్ళాను లెస్యా. ఏం చూసి ఆగిపోయానో."

"నేను హాల్లో ఆగాను, నువ్వు వాళ్ళింట్లో ఆగావు. నిన్న మళ్ళీ నేనే ఆగాను. నీ మీద నాదే పైచెయ్యి."

బాల్చీలు కింద పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఇద్దరి చేతులూ పాల వాసన వేస్తున్నాయి. అడగవలసిన మాట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. అడిగే వేళ దాటిపోయింది.

గురువారం ఓరెస్ట్ ఉత్తరానికి వెళ్ళే బస్సెక్కాడు. కిటికీలోంచి ఏదో చెప్పాడు గానీ, ఇంజను చప్పుడులో లెస్యాకు వినబడలేదు. తర్వాత ఫోనులో అడిగితే గుర్తులేదన్నాడు.

ఆదివారం చర్చి బయట నెస్టర్ సరస్సులో తను పట్టిన చేప ఎంత ఉందో రెండు చేతులూ చాపి చూపిస్తున్నాడు. పరాస్కా పక్కన నిలబడి, చేతులు మరీ దూరం జరిగినప్పుడల్లా దగ్గుతోంది. వాళ్ళను చూసి లెస్యాకు కోపం రాలేదు. వస్తే కొంచెం తేలికగా ఉండేదేమో.

ఆ సాయంత్రం అడెలైన్ ఫోన్ చేసింది. బుట్ట సంగతి ఆమెకు చెప్పే మొహం ఎవరికీ లేకపోయింది.

"ఎలా ఉందమ్మా మా సరస్సు? చుట్టుపక్కల జనం గోల చెయ్యలేదు కదా?"

"లేదత్తా. చాలా ప్రశాంతం. మూడు రోజులూ అక్కడ మనిషి అలికిడే లేదు," అంది లెస్యా. ఆ మాటలో ఆవగింజంత అబద్ధం లేదు.