తాయారు తిరిగిన వైపు

ఊరి తెల్ల మరుగుజ్జు నక్షత్రానికి తోడుగా వెళ్ళమని తాయారుకు మునిసిపాలిటీ ఉత్తర్వు అందగానే, అక్క సుభద్రమ్మ సంచి సర్దడానికి కూర్చుంది. రెండు నేతచీరలు, దువ్వెన, ఒక దుప్పటి పెట్టింది. తోడు అన్నారు కదా అని చిన్న గిన్నెలో పెరుగు తోడు కూడా మూతపెట్టి ఉంచింది.

"నక్షత్రానికి పెరుగెందుకే అక్కా?"

"ఏ తోడో వాళ్ళు రాయలేదుగా. ఉండనీ."

ఆ నక్షత్రం లోపలి మంట ఎప్పుడో ఆరిపోయింది. కుదించుకుపోయి, పాత మార్కెట్టు వెనక మైదానంలో తిరుగుతూ ఉండేది. అది ఒక చుట్టు తిరిగితే ఊరికి ఒక రోజు. ఈమధ్య బాగా నెమ్మదించింది. మధ్యాహ్నాలు ఎంతకీ తెమలడం లేదు. బడిపిల్లలు బల్లలమీదే నిద్రపోతున్నారు. ఇలాంటి నక్షత్రం మీద పక్కనుంచి పదార్థం వచ్చి పడితే వేగం పుంజుకుంటుంది. ఆ పదార్థం ఇచ్చే మనిషిని తోడు అంటారు. మొగుడూ పిల్లలూ లేని ఆడవాళ్ళను ఎంపిక చేయడం ఆనవాయితీ. అక్క ఉంటే ఎవరో ఉన్నట్టు లెక్క కాదు.

"మళ్ళీ పంపిస్తారుగా బాబూ?" అని సుభద్రమ్మ మునిసిపాలిటీ సూపర్‌వైజరు పానకాలరావును అడిగింది.

"వేగం అందుకోగానే, కార్తీకానికల్లా పంపించేస్తాం పిన్నిగారూ. కాకపోతే ఒక్కసారిగా మీద పడకూడదు. చుట్టూ తిరుగుతూ కొద్దికొద్దిగా రాలాలి."

తాయారు నక్షత్రం చుట్టూ తిరగసాగింది. కూర పట్టుకెళ్ళినప్పుడల్లా సుభద్రమ్మకు చెల్లెలు కాస్త తరిగి కనిపించేది. ముందు బుగ్గలు, తర్వాత జబ్బలు. ఒకసారి చెవులు లేవు. అయినా నక్షత్రం ఇంకా మందగించింది.

పానకాలరావు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు. తాయారు గుళ్ళో తిరిగినట్టు తిరుగుతోంది. నక్షత్రం తిరిగేది దానికి ఎదురు. రాలిన ప్రతి పిసరూ దాన్ని ఆపుతోంది.

"ఎటు తిరుగుతున్నారమ్మా మీరు?"

"ప్రదక్షిణం ఎటు చేస్తారో అటే బాబూ."

"కాదు, ఎడమకు తిరగాలి."

"అది శవం చుట్టూ తిరిగే తిరుగుడు," అంది తాయారు. "నేనెట్లా తిరగను?"

"మైదానంలో ఉన్నదీ చచ్చిన నక్షత్రమేగా. తప్పేం లేదు."

కూర పట్టుకొచ్చిన సుభద్రమ్మ గిన్నె కింద పెట్టింది. వద్దందామని నోరు తెరిచింది. గేటు బయట ఊరంతా నిలబడి ఉంది. చంకల్లో పిల్లలతో, వాడిపోయిన మొహాలతో అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"కానీయవే తాయారూ," అంది. "త్వరగా తిరిగితే త్వరగా ఇంటికొస్తావు."

తాయారు ఎడమకు మళ్ళింది. నక్షత్రం ఒక కుదుపుతో వేగం అందుకుంది. ఊళ్ళో పొద్దు గుంకింది. జనం చప్పట్లు కొట్టి, దీపాలు పెట్టుకోవడానికి ఇళ్ళకు పోయారు.

తెల్లవారి సుభద్రమ్మ వెళ్ళేసరికి మైదానంలో చెల్లెలు లేదు. నక్షత్రం చుట్టూ పలచటి వలయం ఒకటి, చీరకొంగంత వెడల్పున, ఎడమకు తిరుగుతోంది. సుభద్రమ్మ కూరగిన్నె చేత్తో పట్టుకుని దాని వెంట కొంతదూరం నడిచింది. మధ్యాహ్నానికి వలయం కూడా లోపలికి ఇంకిపోయింది.

"వేగం బ్రహ్మాండంగా ఉంది పిన్నిగారూ," అన్నాడు పానకాలరావు. "మీ చెల్లెలు మీ ఇంటి పేరు నిలబెట్టారు."

ఇప్పుడు ఊళ్ళో అన్నీ వేళకు జరుగుతున్నాయి. పిల్లలు వేళకు తింటున్నారు. సుభద్రమ్మ కూడా వేళకే నిద్రపోతోంది. నక్షత్రం మళ్ళీ కాస్త మందగించినట్టుందని ఎవరైనా అంటే, ఆమె లేచి పెరట్లో ఎడమకు నాలుగడుగులు వేసి చూసుకుంటుంది.

తాయారు ఆషాఢంలో వెళ్ళింది. కార్తీకంలో రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.