టీచరమ్మ గారింట్లో విలాపం

ఆ శనివారం ఉదయం నిఘంటువు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సుద్దముక్కల డబ్బా సంచిలో వేసుకోవడం, బస్సెక్కడం, పది గంటలకు ఊరి అవతల ఉన్న చిన్న చర్చి హాల్లో పాఠం మొదలుపెట్టడం, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయడం. ఆయన బైబిలు కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. ఏ మాట దొరికినా దాని వేరు తవ్వి చూపించే అలవాటుంది కాబట్టి విద్యార్థులు ఆయనకు ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు మాత్రమే గుర్తు.

కాలేజీలో గదులు పెద్దవి, విద్యార్థులు కొద్దిమంది. చదువుకోవాలని ఉన్నా పని మానుకుని రాలేనివాళ్ళు బయట ఎందరో ఉన్నారనీ, వాళ్ళు రాలేకపోతే పాఠమే వాళ్ళ దగ్గరకు వెళ్ళాలనీ మాస్టారు ఏడాదిగా ప్రిన్సిపాలుగారిని పోరుతున్నారు. చివరికి ఆయన విసిగిపోయి, "ఒక్క పాఠం చెప్పి రండి. జనం వచ్చి, మెలకువగా కూర్చుంటే అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

"ఏమండీ, అక్కడికి వెళ్ళి ధాతువులూ ప్రత్యయాలూ ఎత్తుకోకండి" అంది మాస్టారి భార్య, గొడుగు అందిస్తూ. "పాపం, పనులు మానుకుని వస్తారు."

"ఇవాళ పాఠం విలాపం. దేవుడి ముందు ఎలా ఏడవాలో చెప్పే పాఠం. అసలు ఆ మాటకి మూలభాషలో..."

"అదే వద్దంటున్నాను" అని ఆవిడ తలుపు తీసింది.

సరిగ్గా అదే సమయానికి ఊరి అవతల చర్చి మీదున్న నీళ్ళ ట్యాంకు పగిలింది. హాలంతా మోకాలి లోతు నీళ్ళు. పాస్టరుగారు లుంగీ ఎగగట్టుకుని బెంచీలు బయటికి ఈడ్చుకుంటూ, పాఠం ఎక్కడ పెట్టించాలా అని తల పట్టుకున్నారు. ఆయనకు రెండు రోజులుగా జలుబు. ముక్కు పూర్తిగా మూసుకుపోయింది.

ఆ వీధిలో పెద్ద ముందుగది ఉన్న ఇల్లు ఒక్కటే, పెద్ద టీచరమ్మది. సండేస్కూల్లో ఆవిడ దగ్గర వాక్యం అప్పజెప్పకుండా పెద్దయినవాళ్ళు ఆ చర్చిలో లేరు. ఈమధ్య కళ్ళు మసకబారి పాఠం మానేసింది. పైగా కాలేజీ నుంచి పెద్ద చదువుల వాళ్ళు వస్తున్నారని విన్న దగ్గర్నుంచీ, "ఇంక నాతో ఏం పని? పొరుగూళ్ళో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను" అంటోంది. పాస్టరుగారు ఎంత చెప్పినా వినలేదు. అయినా ఫోను చేసి అడగ్గానే, "దానికేం, పెట్టుకోండి. తాళం పూలకుండీ కింద ఉంటుంది. నేను కంటి ఆస్పత్రికి వెళుతున్నాను, మధ్యలో వచ్చి కలుస్తాను" అంది.

పాస్టరుగారు హాల్లో నీళ్ళు తోడుతున్న మోటారు పక్కనే నిలబడి అందరికీ ఒక మాట రికార్డు చేసి పంపారు. దాంట్లో మోటారు మింగగా మిగిలింది ఇది: "వందనాలు... మన పెద్ద టీచరమ్మగారు... ఏం చేస్తాం, అనుకోకుండా జరిగింది... వాళ్ళింట్లోనే... పది గంటలకి విలాపం... కాలేజీ అయ్యగారు వస్తున్నారు... ఎవ్వరూ మానొద్దు... కుర్చీలు చాలవు." మూసుకుపోయిన ముక్కుతో, మాటమాటకీ ఎగబీలుస్తూ చెప్పారు. పంపిన మరుక్షణం ఫోను చేజారి నీళ్ళలో పడింది.

టీచరమ్మ పక్కింటి పిన్ని ఆ గొంతు విని చేతిలో చాట కింద పెట్టేసింది. "అయ్యో, పొద్దున్నే చూశాను. ఎవరో చెయ్యి పట్టుకుని కారు ఎక్కించారు. నడవలేకపోతోంది పాపం" అంది. నిజానికి టీచరమ్మ నడవగలదు, మెట్టు కనపడదు. కారు డ్రైవరు చెయ్యి ఇచ్చాడు, అంతే. కానీ ఆ మాట వీధి చివరికి చేరేసరికి ఆవిడను ఇద్దరు మోసుకెళ్ళారు. దర్జీ దుకాణానికి చేరేసరికి ఆస్పత్రి గుమ్మంలోనే ప్రాణం పోయింది. దర్జీ పాస్టరుగారికి ఫోను చేశాడు. పలకలేదు. "ఆయన ఏ పరిస్థితిలో ఉన్నారో" అని దుకాణం మూసేశాడు.

చర్చితో సంబంధం లేకపోయినా కుట్టు సంఘం ఆడవాళ్ళు కూడా కుట్టు మిషన్లు ఆపేసి బయల్దేరారు. వాళ్ళకు అక్షరాలు నేర్పింది టీచరమ్మే. పిన్ని కుండీ కింద తాళం తీసి తలుపు తెరిచింది. ఆవిడను ఇంకా ఆస్పత్రి నుంచి తీసుకురాలేదని అందరూ అనుకున్నారు. ముందుగది నిండిపోయింది.

మాస్టారు బస్సు దిగేసరికి వీధి మలుపులో దర్జీ ఎదురొచ్చి, మాట్లాడలేక, చేత్తో టీచరమ్మ ఇంటి దారి చూపించాడు. పాఠం హాల్లో కాదన్నమాట అనుకుని మాస్టారు అటు నడిచారు. గుమ్మం బయట చెప్పులు వరసలు కట్టి ఉన్నాయి. లోపల అందరూ కళ్ళు ఒత్తుకుంటున్నారు. మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన పాఠానికి ఎవరూ ముందుగా సిద్ధపడి రాలేదు. వీళ్ళు ఏకంగా ఏడుస్తూ కూర్చున్నారు.

ఆయన సంచి కింద పెట్టి చేతులు జోడించారు. "మీరంతా ఇలా వస్తారని నేను అనుకోలేదు" అన్నారు.

"రాకుండా ఎలా ఉంటామండీ" అంది పిన్ని.

అప్పుడు వడ్రంగి పక్కకు వచ్చి నిలబడ్డాడు. కుదిమట్టంగా, భుజం మీద తువ్వాలుతో ఉన్న మనిషి. మాటకూ మాటకూ మధ్య కాస్త ఆగి మాట్లాడతాడు. సమాధి పెట్టె చేసే పని తనదే కాబట్టి టేపు తెచ్చుకున్నాడు. మాస్టారు అంతకు ముందురోజే పాస్టరుగారిని ఒక నల్లబల్ల చేయించమని కోరి ఉన్నారు.

"అయ్యగారూ, కొలత ఎంత పెట్టమంటారు?"

"పొడవు ఆరడుగులు చాలు. వెడల్పు నాలుగు."

వడ్రంగి టేపు వంక చూసుకున్నాడు. "నాలుగెందుకండీ? మనిషి సన్నం కదా."

"నేను సన్నంగా ఉంటేనేం బాబూ, రాసేది చాలా ఉంటుంది. నున్నగా చేసి నల్లరంగు వెయ్యండి. తెచ్చాక ఆ గోడకి ఆనించి నిలబెట్టండి."

"నిలబెట్టాలా?"

"పడుకోబెడితే వెనక కూర్చున్నవాళ్ళకి ఎలా కనపడుతుంది?"

వడ్రంగి టేపు చుట్టేసి, "మీ కాలేజీలో ఇలాగే చేస్తారాండీ?" అని మెల్లగా అడిగాడు.

"ప్రతి గదిలోనూ ఒకటి ఉంటుంది. నా జీవితమంతా దాని పక్కనే గడిచింది" అన్నారు మాస్టారు ఆప్యాయంగా.

వడ్రంగి వరండాలోకి వెళ్ళి తమ్ముడికి ఫోను చేసి ఆ కొలతలు చెప్పాడు. తమ్ముడు వాటిని రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నాడు. "చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి తెలియదా" అని సర్దిచెప్పి వచ్చి కూర్చున్నాడు.

మాస్టారు పాఠం మొదలుపెట్టారు. భార్య మాట గుర్తొచ్చి ధాతువుల జోలికి పోలేదు. "ఏడుపు సిగ్గుపడే పని కాదు. దేవుడి ముందు ఏడ్చేవాళ్ళు ఆయన్ని వదిలేసినవాళ్ళు కారు, పట్టుకుని ఉన్నవాళ్ళు. అందులో నాలుగు మెట్లున్నాయి. ముందు పిలుస్తాం. తర్వాత మనసులో ఉన్న ఫిర్యాదు దాచకుండా చెబుతాం. ఆ తర్వాత కావలసింది అడుగుతాం. చివరికి, ఇంకా కన్నీళ్ళు ఆరకముందే, కృతజ్ఞత చెబుతాం. ఇప్పుడు మీ ఫిర్యాదులేమిటో చెప్పండి."

కాలేజీలో ఈ ప్రశ్నకు జవాబుగా విద్యార్థులు కిటికీలోంచి చూసేవారు. ఇక్కడ దర్జీ వెంటనే లేచాడు.

"నాది ఒక్కటే ఫిర్యాదండీ. ఒక్క మాటైనా చెప్పకుండా ఆవిడ వెళ్ళిపోయింది."

మాస్టారి కళ్ళు మెరిశాయి. "విన్నారా? బైబిలు విలాపగీతాల్లో పాడుబడిన నగరాన్ని ఆడమనిషిగా, 'ఆవిడ' అనే చెబుతారు. నేను చెప్పకుండానే మీరు పట్టుకున్నారు. కూర్చోకండి, కృతజ్ఞత కూడా చెప్పండి."

దర్జీకి నగరం సంగతి అర్థం కాలేదు గానీ కృతజ్ఞత అర్థమైంది. "మా నాన్న పోయినప్పుడు నేను చదువు మానేసి కుట్టుపనికి కూర్చుంటే, ఆవిడ తన చీరలన్నీ చించుకుని నా దగ్గరికి కుట్టడానికి తెచ్చేది. చిరిగినవి కావు అవి. కొత్తవి" అని కూర్చుండిపోయాడు.

కుట్టు సంఘంలో పెద్దామె లేచింది. "మాకు పలకలు పట్టుకోవాలంటే సిగ్గు. బట్ట మీద సుద్దతో అక్షరం గీసి, దాని మీద కుట్టమనేది. వంకర పోతే విప్పించేది. ఎన్నిసార్లు విప్పించిందో. ఇవాళ నా సంతకం నేను పెట్టుకుంటున్నాను. ఆవిడది మా చర్చి కాదు, మాది ఆవిడ చర్చి కాదు. మీదే చర్చి అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు."

సరిగ్గా ఆ మాట దగ్గర టీచరమ్మ ఇంటికొచ్చింది. కళ్ళలో వేసిన మందువల్ల అన్నీ పొగమంచులా ఉన్నాయి. పైన నల్లకళ్ళద్దాలు. గోడ తడుముకుంటూ వచ్చి, పాఠం నడుస్తోంది కాబట్టి పలకరించకుండా, గుమ్మం పక్కన వెనక ముక్కాలి పీట మీద కూర్చుంది. క్లాసు మధ్యలో మాట్లాడటం ఆవిడ తన జీవితంలో ఎవరినీ సహించలేదు. అందరూ ముందుకు చూస్తున్నారు. మాస్టారికి ఆవిడెవరో తెలియదు.

వడ్రంగి లేచాడు. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు నత్తి" అన్నాడు. "సండేస్కూల్లో వాక్యం చెప్పమంటే నోరు పెగిలేది కాదు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఒకరోజు ఆవిడ వచ్చి, ఇవాళ్టి నుంచి ఎవ్వరూ వాక్యం మామూలుగా చెప్పకూడదు, రాగం తీసి చెప్పాలి అంది. క్లాసంతా రాగం తీసింది. రాగం తీస్తే నాకు నత్తి రాదు. అది నా ఒక్కడి కోసం పెట్టిన పద్ధతని నాకు పెళ్ళయ్యాక గానీ తట్టలేదు." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఆ మాట ఆవిడతో చెబుదామని ఎన్నోసార్లు ఈ ఇంటికి వచ్చాను. వచ్చిన ప్రతిసారీ నోరు రాక, ఏదో ఒక కుర్చీ కోడు బిగించి వెళ్ళిపోయేవాణ్ణి. ఈ ఇంట్లో కదిలే కుర్చీ లేదు చూడండి. అంత మంచి మనిషి ఉండేది."

"ఉండేది ఏమిటి?" అంది వెనకనుంచి ఒక గొంతు. "ఇందాకటి నుంచీ చూస్తున్నాను. అడగలేదు, ఉండేది. మనిషి ఎదురుగా ఉండగా భూతకాలం వాడతారా ఎవరైనా? ఉంది అనాలి."

అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. నల్లకళ్ళద్దాలతో, నిటారుగా, పీట మీద టీచరమ్మ. పిన్ని ఉన్నచోటే కూలబడింది. దర్జీ గోడకు అంటుకుపోయాడు. వడ్రంగి మాత్రం కదల్లేదు. నోరు తెరిచాడు గానీ మాట రాలేదు.

"రాగం తియ్యి" అంది టీచరమ్మ.

వడ్రంగి చిన్నప్పటి రాగంలోనే, "మీరు పోలేదాండీ" అన్నాడు.

"కంటి ఆస్పత్రికి పోయాను. వచ్చాను."

ఆ తర్వాత కాసేపు ఎవరు ఏడుస్తున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియలేదు. కుట్టు సంఘం ఆడవాళ్ళు ఆవిడ చేతులు పట్టుకుని చూశారు. అప్పుడే పాస్టరుగారు తడిసిన లుంగీతో వచ్చి, "పాఠం అయిపోయిందా?" అని ముక్కుతో అడిగారు. జవాబుగా పిన్ని ఫోను తీసి, పొద్దున ఆయన పంపిన మాటను ఆయనకే వినిపించింది. విన్నాక పాస్టరుగారు కూడా ఒక్క క్షణం టీచరమ్మ వైపు అనుమానంగా చూశారు.

మాస్టారికి అప్పటికి సంగతి పూర్తిగా బోధపడింది. కొలతల సంభాషణ మొదటి నుంచీ గుర్తొచ్చి చెవులు ఎర్రబడ్డాయి. సుద్దముక్కలు సంచిలో వేసుకుంటూ, "క్షమించండమ్మా. వీళ్ళ ఏడుపు నా పాఠానికే అనుకున్నాను. పాఠం పాడైపోయింది" అన్నారు.

"ఎవరన్నారు?" టీచరమ్మ కళ్ళద్దాలు తీసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. అది మందువల్లే అని ఆవిడ తర్వాత చాలాసార్లు చెప్పింది. "ఇన్నేళ్ళు పిల్లల ముందు నోరు నొప్పెట్టేలా చెప్పాను బాబూ. ఒక్క ముక్కైనా ఎవరికైనా ఎక్కిందో లేదో తెలియక, మూట కట్టుకుని అక్క దగ్గరికి పోదామనుకున్నాను. మీరు వచ్చి అడిగారు కాబట్టి వీళ్ళు చెప్పారు. లేకపోతే వీడు ఇంకో ఇరవై కుర్చీలు బిగించేవాడు." వడ్రంగి తల వంచుకున్నాడు. "అక్కకి రావటం లేదని చెబుతాను. ఈ గది ఖాళీగానే ఉంటుంది. ప్రతి శనివారం రండి."

మాస్టారు సుద్దముక్కలు మళ్ళీ బయటికి తీశారు. తను మోసుకొచ్చిన నాలుగో మెట్టును ఈ గదిలోనివాళ్ళు తనకంటే ముందు ఎక్కి కూర్చున్నారు. వాళ్ళ మధ్య నిలబడే అవకాశం దొరికినందుకు ఆయన మనసులోనే దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నారు. పైకి మాత్రం, "రావడానికి నాకో షరతు ఉందమ్మా. సగం పాఠం మీరు చెప్పాలి" అన్నారు.

ఆవిడ బెట్టు చేయకుండా ఒప్పుకుంది. ఆ మాట విని కుట్టు సంఘం వాళ్ళు కూడా శనివారాలు వస్తామన్నారు. సమాధి పెట్టెకు మూత అనుకుని వడ్రంగి తమ్ముడు ముందుగా చేసి రిక్షా మీద తెచ్చిన నల్లటి చెక్కను నలుగురూ పట్టి గోడకు నిలబెట్టారు. తమ్ముడు దానికి ముందుజాగ్రత్తగా పిడులు కూడా బిగించాడు. ఇలా జనం వచ్చారనీ, ఎవరూ నిద్రపోలేదనీ మాస్టారు ప్రిన్సిపాలుగారికి అక్కడినుంచే ఫోను చేసి చెప్పారు. అంతకు మించి వివరాల్లోకి పోలేదు.

"ఇంతకీ వచ్చే శనివారం పాఠం ఏమిటి?" అంది టీచరమ్మ.

"పునరుత్థానం అనుకున్నానండీ."

"అది ఇవాళ నేను చెప్పేశాను, ఇంకోటి చూసుకోండి."