వెయ్యేళ్ళాయన తల

ఆ రోజు పొద్దున విగ్గులమ్మ పెట్టుకున్న పని చాలా చిన్నది. వెయ్యేళ్ళాయన వేషానికి పెట్టే జటల విగ్గుని ఆయన నెత్తిమీద కాకుండా, ఆయన తలలాంటి బొమ్మ మీద పెట్టి దువ్వుకోవాలి. రోజూ రెండు గంటలు కుర్చీలో కూర్చోబెడితే ఆ పెద్దమనిషి మెడ పట్టేస్తోంది. చూడలేక, కొలతలిచ్చి బొమ్మలాయన చేత ప్లాస్టరుతో ఒక తల పోయించింది. ఆశ్చర్యపరుద్దామని ఎవరికీ చెప్పలేదు.

చెప్పి ఉండాల్సింది. ఎందుకంటే వాళ్ళు తీసే టీవీ సీరియల్ నిండా కత్తులు దూసే అమరులే. వాళ్ళకు విషం ఎక్కదు, నిప్పు అంటదు, ఎంత ఎత్తు నుంచి పడ్డా బట్టలు దులుపుకుని లేస్తారు. తల తెగితేనే చావు. అందుచేత ఎవరి తల బొమ్మల గదిలో తయారైతే ఆ నటుడికి ఆ వారంతో పని సరి. ఆ మాట నోటితో చెప్పడానికి అందరికీ మొహమాటం. ఇప్పటికి ఆరుగురు తమ తలలు చూసుకున్నాకే సంగతి తెలుసుకున్నారు.

వెయ్యేళ్ళాయన ఏడోవాడు. బొమ్మల గది కిటికీలో ఆరబెట్టిన తన మొహాన్ని చూసి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. పదకొండేళ్ళుగా ఆ వెయ్యేళ్ళ అమరుడి వేషమే. అరవై రెండేళ్ళ మనిషిని కొత్తగా పిలిచేదెవరు? అయినా ఏడుస్తూ పోకూడదు, పెద్దరికంగా అందరి దగ్గరా సెలవు తీసుకోవాలనుకున్నాడు.

విడిపోతున్నామనేసరికి మనిషికి ఎక్కడలేని ప్రేమా, దాని వెనకే ఎక్కడలేని నిజాయితీ పుట్టుకొస్తాయి. బట్టలక్కయ్యను తన తోబుట్టువన్నాడు. ఆమె కుట్టిన అంగీ పదకొండేళ్ళుగా దురద పెడుతోందని కూడా అన్నాడు. తెరమీద తన బద్ధశత్రువు, భోజనాల దగ్గర తన పక్క కుర్చీ అయిన నటుణ్ణి కావలించుకుని, "బావా, ఇప్పుడైనా చెప్పనీ. నువ్వు కత్తి తిప్పుతుంటే దోమల్ని తోలుతున్నట్టుంటుంది," అన్నాడు. పోతున్న మనిషి కదా అని బావ ఏడ్చాడే గాని కోప్పడలేదు. విగ్గులమ్మ ఒక్కతే, పిన్నులు కొనడానికి బజారుకెళ్ళి, సెలవు తీసుకోవడానికి దొరకలేదు.

తరవాత దర్శకుడి దగ్గరికి వెళ్ళాడు.

"ఇంకొక్కసారి చేయండి అని మీరు అన్నప్పుడల్లా, ఎందుకో మీకే తెలియదని నాకు తెలుసు. ఏనాడూ బయటపడలేదు. మనసులో పెట్టుకోకండి బాబూ."

దర్శకుడు బిత్తరపోయాడు. ఈయన్ని చంపుతున్నారని తనకే తెలియదు. కథ రాసే ఆవిడ నిర్ణయించి ఉంటుందనుకుని, తెలియదంటే చులకనైపోతానని బరువుగా నిట్టూర్చాడు. ఆవిడకు ఫోన్ చేసి, ఆ చావు సీనేదో ఇవాళే షూట్ చేసేద్దామన్నాడు. ఆవిడేమో చానెల్ వాళ్ళు చెప్పారనుకుంది. ఎందుకని అడిగితే తన పనికే ఎసరొస్తుందని, భోజనం మానేసి గంటలో రాసి పట్టుకొచ్చింది.

మధ్యాహ్నం వెయ్యేళ్ళాయన మోకాళ్ళ మీద కూర్చుని, యుగాల వెనక పోగొట్టుకున్న వాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకున్నాడు. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ముక్కులు చీదారు. శత్రువు కత్తి ఎత్తాడు. ఇక తల తెమ్మన్నాడు దర్శకుడు.

తల లేదు. వెతగ్గా వెతగ్గా విగ్గులమ్మ గదిలో దొరికింది. ఆవిడ నోట్లో పిన్నులు పెట్టుకుని, దాని మీద రెండో జత జటలు పెట్టి చిక్కు తీస్తోంది.

"అదివ్వమ్మా, అవతల షాట్ ఆగిపోయింది," అన్నాడు దర్శకుడు.

"ఎలా ఇస్తానండీ? ఇది నేను చేయించుకున్న తల. నాది."

"నీదెలా అవుతుంది, మొహం నాదైతేనూ?" అన్నాడు వెయ్యేళ్ళాయన.

ఆవిడ పిన్నులు తీసి మెడనొప్పి సంగతంతా చెప్పింది. దర్శకుడు కథ రాసే ఆవిడ వంక చూశాడు. ఆవిడ నేల వంక చూసింది.

తీసిన ఏడుపును పారేయడానికి మాత్రం ఎవరికీ మనసొప్పలేదు. ఎత్తిన కత్తిని శత్రువు కింద పడేసి, వెయ్యేళ్ళాయన్ని కావలించుకున్నట్టు మార్చారు. అది చూసిన చానెల్ పెద్దలు సాయంత్రానికల్లా కబురు పెట్టారు. వెయ్యేళ్ళాయన ఇంకో మూడేళ్ళు ఉండి తీరాలట. అదే దర్శకుడితో, అదే శత్రువుతో, అదే అంగీలో.

ఆయన ఇంటికి వెళ్ళి, పొద్దున్నే ఎవరెవరిని క్షమాపణ అడగాలో రాసుకుంటే రెండు కాగితాలు చాలలేదు.